ఎన్‌క్రిప్షన్‌పై గోదావరి డెల్టా పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు గ్రంథాలయాల్లోను, రైతు సమావేశాల్లోను ఫోను భద్రత గురించి మాట్లాడిన ప్రతిసారీ అవే సందేహాలు వేర్వేరు మాటల్లో ఎదురవుతున్నాయి. వాటిలో పదేపదే వచ్చినవాటికి సమాధానాలు ఇక్కడ రాస్తున్నాను. కొన్నిటికి నా అభిప్రాయం కూడా తోడైంది. అది అభిప్రాయమని తెలిసేలాగానే రాశాను.

ఎన్‌క్రిప్షన్ అంటే రహస్య భాషేనా?

పశువుల సంతలో బేరం చూసినవారికి సగం తెలిసినట్టే. బేరగాళ్ళిద్దరూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ ఎంతమంది నిలబడి ఉన్నా అంకె బయటపడదు. అయితే ఏ వేలికి ఎంతన్నది సంతలో పాతవారందరికీ తెలుసు కాబట్టి, తువ్వాలు జారితే రహస్యమూ జారిపోతుంది. పాతకాలపు గూఢలిపులు చాలావరకు ఇలాంటివే. పద్ధతి తెలిసిందంటే వాటి పని అయిపోయినట్టే.

ఎన్‌క్రిప్షన్ అంటే సందేశాన్ని తాళంచెవి లేనివారికి అర్థం కాని రూపంలోకి మార్చడం. ఇప్పటి ఎన్‌క్రిప్షన్ ఆ పాత పద్ధతులకు పూర్తిగా తలకిందులు. పద్ధతిని అచ్చువేసి లోకమంతటికీ పంచిపెడతారు. రహస్యంగా ఉండవలసింది తాళంచెవి, అంటే సందేశాన్ని మూసి తెరిచే ఒక పెద్ద సంఖ్య, అదొక్కటే. ఈ సూత్రాన్ని కెర్ఖోఫ్స్ అనే ఆయన 1883లోనే చెప్పాడు. నేడు ఫోన్లలోను, బ్యాంకు వ్యవస్థల్లోను విస్తారంగా వాడుతున్న ఏఈఎస్ పద్ధతిని ఇద్దరు బెల్జియం శాస్త్రజ్ఞులు రూపొందించగా, బహిరంగ పోటీలో నెగ్గిన తరువాత 2001లో అమెరికా దానిని ప్రమాణంగా స్వీకరించింది. ఆ పద్ధతి ఏమిటో ఇంజనీరింగ్ విద్యార్థులందరూ చదువుకుంటారు. అయినా 128 బిట్ల (సున్నా, ఒకటి అంకెల) తాళంచెవిని ఒక్కొక్కటిగా ప్రయత్నించి కనుక్కోవాలంటే, పరీక్షించవలసిన తాళంచెవుల లెక్క 39 అంకెల సంఖ్య అవుతుంది. ఏ యంత్రానికీ అది సాధ్యమయ్యే పని కాదు.

ఎన్నడూ కలుసుకోని ఇద్దరికి ఒకే తాళంచెవి ఎలా అందుతుంది?

నన్నడిగితే ఈ విషయమంతటిలోకీ అందమైన ప్రశ్న ఇదే. 1970ల దాకా దీనికి బహిరంగంగా తెలిసిన జవాబు లేదు. రాయబార కార్యాలయాలకు తాళంచెవులను మనుషులే పెట్టెల్లో మోసుకెళ్ళేవారు. 1976లో డిఫీ, హెల్‌మన్ అనే ఇద్దరు కొత్త మార్గం చూపారు. మరుసటి ఏడాది రివెస్ట్, షమీర్, ఏడల్‌మన్ కలిసి ఆర్‌ఎస్‌ఏ పద్ధతిని తయారుచేశారు. బ్రిటిష్ గూఢచారి సంస్థలో పనిచేసే క్లిఫర్డ్ కాక్స్ 1973లోనే దాదాపు ఇదే కనిపెట్టాడన్న సంగతి 1997 వరకు లోకానికి తెలియలేదు.

అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి ఆలయంలోని హుండీని తలచుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. కానుక ఎవరైనా వేయవచ్చు, కానీ వేసినవారు కూడా మళ్ళీ తీయలేరు. తెరవగలిగింది తాళంచెవి ఉన్న దేవస్థానంవారే. ప్రతి ఫోనూ ఇలాంటి హుండీని ఒకదాన్ని లోకం ముందు పెడుతుంది. ఆ హుండీ పబ్లిక్ కీ. దానిని తెరిచే తాళంచెవి ప్రైవేట్ కీ, అది ఫోను దాటి బయటకు రాదు. ఇద్దరికీ కావలసిన ఉమ్మడి తాళంచెవిని ఆ హుండీలో వేసి పంపితే, అది అవతలివారికి మాత్రమే దొరుకుతుంది. 

దీని వెనుక ఉన్న లెక్క కూడా చిన్నదే. 61ని 53తో గుణిస్తే 3,233 వస్తుందని ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చెబుతారు. 3,233 ఏ రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమో చెప్పమంటే మాత్రం పెద్దవారు కూడా కాసేపు కాగితం మీద కుస్తీ పట్టవలసిందే. ఆ నాలుగు అంకెల స్థానంలో 617 అంకెల సంఖ్యను ఊహించండి. ఆర్‌ఎస్‌ఏ బలమంతా ఆ కుస్తీలోనే ఉంది.

వాట్సాప్ సందేశాలను కంపెనీవారు చదవగలరా?

సందేశంలోని మాటలను, ఫోటోలను, కాల్‌లోని సంభాషణను దారిలో చదవలేరు. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అందరికీ అమలవుతోంది. పంపినవారి ఫోనులో వేసిన తాళం అందుకున్నవారి ఫోనులోనే వీడుతుంది. కానీ మీరు ఎవరితో, ఎప్పుడు, ఎంత తరచుగా మాట్లాడుతున్నారు, ఏ గ్రూపుల్లో ఉన్నారు అన్న వివరాలకు ఈ రక్షణ లేదు. పోస్టు కవరు అంటించి ఉన్నా పైన చిరునామాలు కనిపిస్తున్నట్టే ఇది. రొయ్యల కొనుగోలుదారు ఒకరు పట్టుబడికి ముందురోజు ఏయే చెరువుల రైతులతో ఎన్నిసార్లు మాట్లాడారో తెలిస్తే, ఏమి మాట్లాడారో వినకపోయినా, బేరం ఎటు పోతోందో తెలిసినవారు ఊహించగలరు.

మరో మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. గూగుల్ డ్రైవ్‌లోకి వెళ్ళే బ్యాకప్‌కు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ 2021లో వచ్చింది కానీ, దానిని మీరే సెట్టింగుల్లోకి వెళ్ళి ఆన్ చేసుకోవాలి. ఎవరైనా మీ మీద రిపోర్ట్ నొక్కితే, మీరు వారికి పంపిన చివరి ఐదు సందేశాలు కంపెనీకి చేరతాయి. ఇక టెలిగ్రామ్‌లో మామూలు సంభాషణలకు, గ్రూపులకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అసలు లేదు. సీక్రెట్ చాట్ అని విడిగా తెరిస్తేనే ఉంటుంది. టెలిగ్రామ్ మరింత గుట్టుగా ఉంటుందన్న నమ్మకం మన కాలేజీ పిల్లల్లో ఎందుకు పాతుకుపోయిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

2025 జనవరిలో మొదలైన ప్రభుత్వ సేవ మన మిత్రకు వాట్సాప్‌లో పంపే వివరాలు కూడా గుట్టుగానే ఉంటాయా?

దారిలో గుట్టుగానే ఉంటాయి. అయితే అక్కడ దారి చివర ఉన్నది మీ బంధువు కాదు, ప్రభుత్వ సేవా వ్యవస్థ. అక్కడికి చేరిన తరువాత మీ ధ్రువపత్రం వివరాలను ఎవరు చూస్తారు, ఎంతకాలం ఉంచుతారు అన్నది ఎన్‌క్రిప్షన్ పరిధిలోకి రాదు. దానిని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, ఆయా శాఖల క్రమశిక్షణ చూసుకోవాలి.

మా అబ్బాయి కువైట్ నుంచి వాట్సాప్‌లో మాట్లాడతాడు, అల్లుడు దుబాయ్ నుంచి మాట్లాడలేకపోతున్నాడు. ఎందుకు?

రాజోలు, అమలాపురం వైపు ఈ ప్రశ్న రాని సమావేశం లేదు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఇంటర్‌నెట్ కాల్స్‌కు ప్రభుత్వ అనుమతి ఉన్న యాప్‌లనే వాడాలి. వాట్సాప్‌లో రాతలు వెళ్తాయి కానీ కాల్స్ కలవవు. అందుకే అక్కడివారు బోటిమ్ వంటి అనుమతి పొందిన యాప్‌లతో మాట్లాడుతుంటారు. 

ఇక వీపీఎన్ (మన ఇంటర్‌నెట్‌ను వేరే చోటి మీదుగా మళ్ళించే యాప్) పెట్టుకోమని స్నేహితులిచ్చే సలహా విషయంలో జాగ్రత్త అవసరం. నేరం చేయడానికి, లేదా నేరాన్ని కప్పిపుచ్చడానికి వీపీఎన్ వాడితే అక్కడి చట్టం 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హామ్‌ల దాకా జరిమానా విధిస్తుంది. ఇంట్లో వారితో పది నిమిషాలు మాట్లాడుకోవడానికి ఆ చట్టంతో తగువు పెట్టుకోవద్దన్నదే నా మాట. పాస్‌పోర్టు నంబరు, బ్యాంకు వివరాల వంటివి ఆ కాల్స్‌లో చెప్పకుండా వాట్సాప్‌లో రాసి పంపుకోవడం మేలు.

ఆధార్‌కు ఎన్‌క్రిప్షన్ ఉందంటారు. మరి వేలిముద్రతో డబ్బు ఎలా పోతోంది?

మా పెద్దమ్మ సంగతి చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పింఛను డబ్బు తీసుకోవడానికి ఆవిడ ఊళ్ళోని ఒక బ్యాంకింగ్ సేవాకేంద్రానికి వెళ్ళింది. బొబ్బర్లు ఒలిచి ఒలిచి అరిగిపోయిన వేలు. ఆపరేటర్ "ముద్ర పడలేదండీ, మళ్ళీ పెట్టండి" అన్నాడు. ఆవిడ చీర కొంగుతో వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. చేతికి వచ్చింది రెండు వేలు, ఖాతాలో తగ్గింది నాలుగు వేలు. మొదటిసారే ముద్ర పడింది. మేము వెళ్ళి నిలదీస్తే సర్వర్ తప్పన్నాడు. మిగతా రెండు వేలు రావడానికి మూడు వారాలు తిరగవలసి వచ్చింది.

ఈ వ్యవహారంలో ఎన్‌క్రిప్షన్ ఎక్కడా విఫలం కాలేదు. వేలిముద్ర ఆ యంత్రంలోనే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. ఆ పొట్లాన్ని విప్పగలిగింది ఆధార్ ప్రాధికార సంస్థ ఒక్కటే, మధ్యలో ఉన్న ఆపరేటర్ గాని టెలికాం కంపెనీ గాని విప్పలేరు. రెండుసార్లూ అసలైన వేలిముద్రే, భద్రంగానే, చేరవలసిన చోటికే చేరింది. మోసం జరిగింది యంత్రానికి ఇవతల, మనిషికీ మనిషికీ మధ్య. దస్తావేజుల నకళ్ళ మీది వేలిముద్రలను కృత్రిమంగా అచ్చుతీసి డబ్బు కాజేసిన కేసులు కూడా దేశంలో నమోదయ్యాయి. అక్కడ కూడా దారిని ఎవరూ పగలగొట్టలేదు.

చేయగలిగింది ఒకటుంది. ఆధార్ అధికారిక యాప్‌లో బయోమెట్రిక్స్‌ను లాక్ చేసుకోవచ్చు. లాక్ ఉన్నంతకాలం మీ వేలిముద్రతో ఏ లావాదేవీ జరగదు. రేషన్‌కో, పింఛనుకో వెళ్ళేటప్పుడు తాత్కాలికంగా తెరుచుకోవచ్చు. పెద్దవారి ఫోన్లలో ఈ పని పిల్లలు చేసిపెట్టాలి. డబ్బు పోయినట్టు తెలిసిన వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

వెబ్‌సైట్‌కు తాళం గుర్తు ఉంటే నమ్మవచ్చా?

నమ్మకూడదు. మీ ఫోనుకు, ఆ వెబ్‌సైట్‌కు మధ్య దారి భద్రంగా ఉందన్నదే ఆ గుర్తుకు అర్థం. అవతల ఉన్నది బ్యాంకో దొంగో అది చెప్పదు. దొంగ వెబ్‌సైట్లకు కూడా ఆ గుర్తు తెచ్చిపెట్టే సర్టిఫికెట్ ఉచితంగానే దొరుకుతుంది. జనం దీనిని తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే క్రోమ్ బ్రౌజర్ 2023లో ఆ గుర్తును తీసేసింది. యూపీఐ కూడా అంతే: పిన్ భద్రంగానే బ్యాంకుకు చేరుతుంది, కానీ డబ్బు రావడానికి పిన్ కొట్టమన్నవాడు అబద్ధమాడుతున్నాడు.

పోలీసులు, ప్రభుత్వం మన సందేశాలను చదవవచ్చా?

చట్టం అనుమతిస్తున్నది వేరు, సాంకేతికంగా సాధ్యమయ్యేది వేరు. సమాచార సాంకేతికత చట్టం, 2000లోని 69వ సెక్షన్ ప్రకారం దేశ సార్వభౌమత్వం, భద్రత, శాంతిభద్రతలు, నేర దర్యాప్తు వంటి కారణాలతో సమాచారాన్ని అడ్డగించి చూడడానికి, డీక్రిప్ట్ చేయించడానికి (తాళం విప్పించి చదవడానికి) ప్రభుత్వం ఆదేశించవచ్చు. ఆ ఆదేశాన్ని సాధారణంగా కేంద్రంలో హోం శాఖ కార్యదర్శి, రాష్ట్రంలో హోం బాధ్యతలు చూసే కార్యదర్శి ఇవ్వాలి. ఒక ఆదేశం 60 రోజులు చెల్లుతుంది, పొడిగించినా 180 రోజులు దాటకూడదు. సహకరించనివారికి 7 ఏళ్ళ దాకా జైలు. 2018 డిసెంబరు 20న కేంద్ర హోం శాఖ ఈ పనికి 10 సంస్థలను అధీకృతం చేసింది.

అయితే ఆ సెక్షన్ కింద వచ్చిన 2009 నాటి నిబంధనల్లోనే ఒక హద్దు రాసి ఉంది. డీక్రిప్ట్ చేయమని కంపెనీని అడగగలిగేది ఆ కంపెనీయే ఎన్‌క్రిప్ట్ చేసిన సమాచారానికి, లేదా తాళంచెవి దాని అధీనంలో ఉన్న సమాచారానికి మాత్రమే. ఎండ్ టు ఎండ్‌లో తాళంచెవి కంపెనీ దగ్గర ఉండదు. కనుక దర్యాప్తు చేసేవారు వేరే దారులు పడతారు: ఫోను స్వాధీనం చేసుకుంటారు, బ్యాకప్ అడుగుతారు, కాల్ వివరాలు తెప్పించుకుంటారు. అన్నిటికంటే తేలికైన దారి, గ్రూపులోని ఒక సభ్యుడు తన ఫోను తెరిచి చూపించడం. 200 మంది ఉన్న గ్రూపులో 200 తాళంచెవులు ఉన్నట్టే. అందులో రాసినది గుట్టుగా ఉంటుందనుకోవడం భ్రమ.

అసలు సందేశం ఎవరు మొదలుపెట్టారో చెప్పాలన్న నిబంధన మాటేమిటి?

2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నిబంధనల్లో, 50 లక్షలకు మించి వినియోగదారులున్న సందేశ సేవలు, కోర్టు గాని అధికారం ఉన్న ప్రభుత్వ అధికారి గాని ఆదేశిస్తే, దేశంలో ఒక సందేశాన్ని మొదట పంపినవారెవరో గుర్తించి చెప్పగలగాలని ఉంది. తీవ్రమైన నేరాలకే ఇది వర్తిస్తుందని, సందేశంలోని విషయం వెల్లడించనక్కరలేదని కూడా ఉంది. దీనిని సవాలు చేస్తూ వాట్సాప్ 2021 మేలో ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. ఎన్‌క్రిప్షన్‌ను పగలగొట్టమంటే దేశంలో సేవ నిలిపివేయవలసి వస్తుందని 2024 ఏప్రిల్‌లో దాని న్యాయవాది కోర్టుకు చెప్పారు.

ప్రభుత్వ వాదనను కొట్టిపారేయలేం. 2018లో పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న పుకార్లు ఫోన్ల ద్వారా పాకి, దేశంలో పలుచోట్ల అమాయకులను జనం కొట్టి చంపారు. ఆ తరువాతే వాట్సాప్ ఫార్వర్డ్‌ను ఒకేసారి ఐదుగురికి పరిమితం చేసింది. ఆ పుకారు పుట్టించినవాడిని పట్టుకోవాలనుకోవడం న్యాయమే. 

నా అభ్యంతరం పద్ధతి మీద. ఎవరో ఒకరిని రేపు పట్టుకోవడం కోసం అందరి సందేశాలకూ ఈ రోజే గుర్తు వేసి ఉంచాలి. అంత చేసినా, వేరే యాప్‌లో వచ్చిన ఫోటోను సదుద్దేశంతో "ఇది నిజమేనా?" అని మేనమామకు పంపిన అమ్మాయే లెక్కలో మొదటి వ్యక్తిగా తేలవచ్చు. ఒక్క అక్షరం మార్చి పంపితే గుర్తు మారిపోతుంది. తెలివైన దుర్మార్గుడు తప్పించుకుంటాడు, తెలియని అమాయకుడు దొరుకుతాడు.

మంచివారికి మాత్రమే తెరుచుకునే దొడ్డిదారి పెట్టలేరా?

పెట్టాలని చాలామంది చూశారు. 1993లో అమెరికా ప్రభుత్వం క్లిప్పర్ చిప్‌ను ప్రతిపాదించింది; అందులో తాళంచెవి నకలు ప్రభుత్వం దగ్గర ఉంటుంది. మరుసటి ఏడాదే మ్యాట్ బ్లేజ్ అనే పరిశోధకుడు అందులో లోపం చూపించాడు, కొద్దికాలానికే ఆ పథకం అటకెక్కింది. గ్రీసులో 2004–05లో, చట్టబద్ధ నిఘా కోసం టెలిఫోన్ యంత్రాల్లో పెట్టిన సదుపాయాన్నే గుర్తు తెలియని వ్యక్తులు వాడుకుని, ప్రధానమంత్రి సహా 100 మందికి పైగా ప్రముఖుల ఫోన్లను విన్నారు. 2024లో సాల్ట్ టైఫూన్ అనే పేరుతో బయటపడిన చొరబాటులో, అమెరికా టెలికాం కంపెనీల్లో పోలీసుల కోసం ఉంచిన నిఘా వ్యవస్థల్లోకే చైనా హ్యాకర్లు ప్రవేశించారు. అంతకుముందు ఎన్‌క్రిప్షన్‌ను ఏళ్ళ తరబడి విమర్శించిన అమెరికా అధికారులే, ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లు వాడుకోండని ఆ డిసెంబరులో జనానికి చెప్పవలసి వచ్చింది.

ఏటిగట్టు పక్కన పుట్టి పెరిగినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఎవరి చేను తడపడానికి గట్టు తెంచారన్నది వరద అడగదు. 1986 ఆగస్టులో గట్లకు గండ్లు పడిన రాత్రులు చూసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు.

మన దేశం కూడా ఒకసారి చెయ్యి కాల్చుకుంది. 2015 సెప్టెంబరులో విడుదల చేసిన జాతీయ ఎన్‌క్రిప్షన్ విధానం ముసాయిదాలో, పౌరులు తాము పంపిన సందేశాల మామూలు ప్రతిని 90 రోజులు దాచి ఉంచాలని రాశారు. గగ్గోలు పుట్టడంతో రోజుల వ్యవధిలోనే దానిని వెనక్కి తీసుకున్నారు. సమగ్రమైన ఎన్‌క్రిప్షన్ విధానం రాయవలసిన అవసరం మాత్రం అలాగే మిగిలి ఉంది.

తప్పు చేయనివారికి దాచుకోవలసింది ఏముంటుంది?

ఈ ప్రశ్న అడిగిన ఒక పెద్దమనిషిని, తమ చెరువులో ఈసారి ఎన్ని టన్నులు పడింది, ఏ కౌంటుకు ఏ ధరకు ఇచ్చారు అని అందరి ముందూ అడిగాను. నవ్వి కూర్చున్నారు. సంబంధం కుదిరేదాకా కట్నకానుకల మాట, రిజిస్ట్రేషన్ అయ్యేదాకా స్థలం ధర, అమ్మ వైద్య పరీక్షల ఫలితం ఇవన్నీ మనం దాచుకునేవే, వీటిలో నేరమైనవి తక్కువ. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది.

2022లో కోనసీమలో ఇంటర్‌నెట్ ఆపేసినప్పుడు ఎన్‌క్రిప్షన్ ఏమైనా ఉపయోగపడిందా?

లేదు. జిల్లా పేరు వివాదంలో మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్ల తరువాత మొబైల్ ఇంటర్‌నెట్ రోజుల తరబడి ఆగిపోయింది. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ కోసం జిల్లా సరిహద్దులు దాటి వెళ్ళవలసి వచ్చింది. సందేశంలో ఏముందో చూడలేని ప్రభుత్వానికి సందేశాలన్నిటినీ ఒకేసారి ఆపడమే తేలిక. నిరవధికంగా ఆపకూడదని, ఆదేశాలను బహిరంగపరచాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇక్కడ గుర్తుచేయాలి.

అమరావతిలో క్వాంటమ్ కంప్యూటర్ వస్తోందంటున్నారు. ఈ తాళాలన్నీ పగిలిపోతాయా?

2025లో ప్రకటించిన ఆ ఐబీఎం యంత్రం 156 క్యూబిట్లది (మామూలు కంప్యూటర్‌కు బిట్ ఎలాగో, దానికి క్యూబిట్ అలాగ). ఆర్‌ఎస్‌ఏను పగలగొట్టే శక్తి దానికి లేదు. అయితే భయం పూర్తిగా ఉత్తదీ కాదు. తగినంత పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ ఉంటే 617 అంకెల సంఖ్యను కూడా విడగొట్టవచ్చని పీటర్ షోర్ 1994లో నిరూపించాడు. ఈనాటి రహస్యాలను మూటగట్టి ఉంచుకుని, ఆ యంత్రం వచ్చాక విప్పుదామనుకునేవారు ఉండవచ్చు. అందుకే 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ క్వాంటమ్ కంప్యూటర్‌ను తట్టుకునే కొత్త తరహా పద్ధతులు మూడింటిని ఖరారు చేసింది. సిగ్నల్ అనే సందేశాల యాప్ 2023లోనే ఆ దారి పట్టింది. మీరు చేయవలసిందల్లా యాప్‌లను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకోవడమే.

బ్యాకప్ పాస్‌వర్డ్ మరచిపోతే కంపెనీవారు తీసి ఇవ్వరా?

ఇవ్వలేరు. ఇవ్వగలిగితే అది ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షనే కాదు. ఫోను చేపల చెరువులో పడిపోయిన ఒకాయన, చనిపోయిన తండ్రి గొంతు ఉన్న వాయిస్ సందేశాల కోసం నా దగ్గరకు వచ్చారు. బ్యాకప్ ఉంది, పాస్‌వర్డ్ గుర్తు లేదు. మేమిద్దరం ఒక సాయంత్రమంతా ఆయన పిల్లల పేర్లు, బండి నంబర్లు, పుట్టిన తేదీలు కొట్టి చూశాం, తెరుచుకోలేదు. వాట్సాప్ పాస్‌వర్డ్‌కు బదులు 64 అక్షరాల తాళంచెవి కూడా ఇస్తుంది. అప్పటినుంచి నేను అందరికీ దానిని కాగితం మీద రాసి, బీరువాలో పొలం దస్తావేజులు ఉంచే సంచిలోనే పెట్టమని చెబుతున్నాను.